చెల్లి నోట అక్క నవ్వు

నవ్వు జబ్బు చేసిందని మా చెల్లి కొకుని బడి నుంచి ఇంటికి పంపేసిన ఏడు, పెద్ద వానలు ముందే దిగాయి. దొరల జెండా దించి మన జెండా ఎక్కించారని ఊరూరా అరటి కల్లు తాగి గంతులేసిన ముచ్చట ఇంకా పాతబడలేదు. ఆ సందడిలోంచి నేరుగా ఈ నవ్వులోకి వచ్చి పడ్డాం.

కబురు మాకు ముందే తెలుసు. కొండ అవతల ఆడపిల్లల మిషను బడిలో ఎవరో పిల్ల నవ్వడం మొదలుపెట్టిందట. ఆపలేకపోయిందట. ఊరుకోబెట్టబోయిన పిల్లకీ అంటుకుందట. నవ్వి నవ్వి ఏడుపులోకి దిగేవాళ్ళట, ఏడ్చి ఏడ్చి మళ్ళీ నవ్వులోకి పోయేవాళ్ళట. చివరికి పంతులమ్మలు చేతులెత్తేసి, బడికి తాళం వేసి, ఎవరి ఊళ్ళకి వాళ్ళని లారీల్లో పంపేశారు.

కొకు రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో నడిచొచ్చింది. అసలు పేరు కొకుహీర్వ. పద్నాలుగేళ్ళది. మా ఇంట్లో చదువుకునే పిల్ల అదొక్కతే. నా పేరు బ్యేరా. దానికన్నా మూడేళ్ళు పెద్ద. అరటితోటా, వంటిల్లూ నా బడి.

"ఏదే, ఒక్క నవ్వు నవ్వు చూద్దాం," అంది మా అత్త, అది వాకిట్లో ఉండగానే. అత్తంటే నాన్నకి అక్క. మొగుడు పోయాక మా దగ్గరే ఉండేది. "జిల్లా అంతా నవ్వుతోందట. మనమేం పాపం చేశాం?"

కొకు నవ్వలేదు. "ఆకలేస్తోంది అత్తా," అంది.

రెండ్రోజులు తిన్నది, పడుకుంది. జబ్బూ లేదు గిబ్బూ లేదు, చదువు ఎగ్గొట్టే వేషాలు అని నాన్న తేల్చేశాడు. ఆ మర్నాడు అమ్మా నేనూ పచ్చి అరటికాయలు చెక్కు తీస్తున్నాం. కొకు గుమ్మంలో కూచుని వాన చూస్తోంది. ఉన్నట్టుండి నవ్వింది.

గొంతులో ఎక్కడో గునుస్తున్నట్టు మొదలైంది. పెరిగింది. ఊపిరి అందక 'హీ...' అని లోపలికి ఒక్క పీల్పు పీల్చి, మళ్ళీ విరగబడింది.

అమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. నా చేతిలోదీ ఆగింది. మేం చెల్లి వంక చూళ్ళేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అది మా అక్క నవ్వు. అక్కని పూడ్చిపెట్టి అప్పటికి రెండు నెలలు.

అక్క పేరు కెమిలెంబె. సరస్సు ఒడ్డున చేపలు పట్టుకునే బ్యాబాటోతో వెళ్ళిపోయింది. అరటితోట లేనివాడు మా నాన్న లెక్కలో మగాడే కాదు. మాది తాతల నాటి తోట. మా వాళ్ళు పుట్టినా పోయినా ఆ చెట్ల కిందే. "ఇసకలో కాపురం పెట్టినదానికీ నాకూ ఏం లేదు," అన్నాడు. ఏడాది తిరక్కుండా అక్క కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. కబురు తెచ్చినవాణ్ణి నాన్న వాకిట్లోనే నిలబెట్టి, విని, పంపేశాడు. లోపలికొచ్చి, "ఈ ఇంట్లో ఎవరూ ఏడవడానికి వీల్లేదు. ఆ పేరు ఎత్తడానికి వీల్లేదు. బడిలో ఉన్న పిల్లకి తెలియడానికి అసలే వీల్లేదు," అన్నాడు.

అమ్మ ఏడవలేదు. అంతవరకూ ఊరంతా అమ్మని 'కెమిలెంబె తల్లీ' అనే పిలిచేది. ఆ వారం నుంచి 'బ్యేరా తల్లీ' అనడం మొదలుపెట్టారు. పిలిచినప్పుడల్లా అమ్మ కాస్త ఆలస్యంగా పలికేది.

ఒక కడుపున పుట్టినవాళ్ళ గొంతులు కలవడం వింతేం కాదు. కానీ కొకు ఎప్పుడూ అలా నవ్వి ఎరగదు. ఆ లోపలి పీల్పు అక్కది. అది అక్కకే ఉండేది.

ఆ రోజు ఆ నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. భుజాలు అలాగే ఊగుతున్నాయి, కళ్ళు అలాగే కారుతున్నాయి, మొహం మారలేదు. పక్కన నిలబడి చూస్తే నవ్వే అనుకుంటాం. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే తెలిసింది, ఏడుస్తోందని. చేతులు మంచులా ఉన్నాయి.

"వెనకాల ఎవరో వస్తున్నారక్కా," అంది నా చెయ్యి పట్టుకుని. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

*

ఇక అది రోజూ ఉండేది. ఒక్కోసారి అన్నం ఉడికేంత సేపు, ఒక్కోసారి పూటంతా. ఒకసారి వాన్లో తోటలోకి పరిగెత్తి బురదలో పడింది. ఇంకోసారి నాన్న పట్టుకుని ఆపబోతే మణికట్టు కొరికింది. తర్వాతి నుంచి నాన్న పట్టుకోలేదు. నవ్వు వినపడగానే కొడవలి తీసుకుని తోటలోకి పోయేవాడు. అక్కడ పనేం ఉండేది కాదు. ఓ అరటి ఆకు కింద, వీపు ఇంటివైపు పెట్టి నిలబడేవాడు.

తెల్లకోటు మనిషొకాయన వచ్చాడు. కొకు వేలు పొడిచి నెత్తురు తీశాడు. మేం తినే పిండీ, తాగే నీళ్ళూ సీసాల్లో పోసుకున్నాడు.

"పిండిలో నవ్వుంటే మాకెందుకు రాలేదయ్యా? మేమూ అదే తిని చస్తున్నాం," అంది అత్త.

ఆయన తల గోక్కున్నాడు. "బడికి వెళ్ళని పెద్దవాళ్ళకి రావట్లేదమ్మా."

"విన్నావురా తమ్ముడూ! మిగతావాళ్ళని చదివించకుండా ఎంత మంచి పని చేశావో."

ఆయన సైకిలెక్కి వెళ్ళాక అత్త గొంతు తగ్గించింది. "నెత్తుట్లో ఏం దొరుకుతుంది? ఏడవకుండా సాగనంపిన మనిషి ఎక్కడికని పోతుంది? దొరికిన నోట్లో దూరుతుంది."

"అక్కా," అన్నాడు నాన్న. "నోరు మూసుకుంటావా, మూట కట్టుకుంటావా?"

"మూట ఎప్పుడో కట్టి పెట్టా. ఎత్తి నెత్తిన పెట్టే మగాడే లేడు."

నాన్న బయటికి పోయాడు. అత్త మాట విన్నప్పుడు అమ్మ మొహంలో భయం కనపడాలి కదా, కనపడలేదు. ఇంకేదో కనపడింది. దానికి పేరు ఆశ అని నాకు తర్వాత తెలిసింది.

అమ్మ నన్ను మాటిమాటికీ నీళ్ళకి పంపడం మొదలుపెట్టింది. కుండలు నిండుగానే ఉండేవి. ఒక మధ్యాహ్నం సగం దారిలో కుండ కింద తలకి పెట్టుకునే గుడ్డచుట్ట మర్చిపోయానని వెనక్కి వచ్చాను. లోపల అమ్మ కొకు ఎదురుగా కూచుని కబుర్లు చెబుతోంది. పాదిరిగారి టోపీని మేక నమిలిన సంగతి. ఆ మేకని అత్త చర్చి చుట్టూ తరిమిన సంగతి. తొందర తొందరగా, మధ్యలో కొకు నోటి వంకే చూస్తూ చెబుతోంది.

కొకు పెదవి అదిరింది. నవ్వు లేచింది. 'హీ...' అని ఆ పీల్పు వచ్చింది.

అమ్మ కళ్ళు మూసుకుంది. చలి పొద్దున పొయ్యి ముందు మొహం పెట్టుకున్నట్టు, ఆ నవ్వుకి ఎదురుగా మొహం పెట్టుకుని కూచుంది. అది ఏడుపులోకి దిగగానే కళ్ళు తెరిచింది. ఇంటికొచ్చిన మనిషి అప్పుడే లేచి వెళ్ళిపోయినట్టు గుమ్మం వంక చూసింది. గుమ్మంలో నేనున్నాను.

కొకు నిద్రపోయాక అడిగాను. "నువ్వే తెప్పిస్తున్నావా అమ్మా?"

"కబుర్లు చెప్పాను. అంతే."

"అది జబ్బమ్మా. పిల్ల చిక్కిపోయింది. నిన్న నాలిక కొరుక్కుంది, నువ్వే కదా నెత్తురు తుడిచావు."

"తెలుసు." అమ్మ చాప అంచు పీకుతూ కూచుంది. "బ్యేరా, అది ఎలా మాట్లాడేదో నీకు గుర్తుందా?"

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

"నాకు మొహం వస్తోందే. నోరు కదులుతూ కనపడుతోంది. గొంతు రావట్లేదు. 'అమ్మా' అని ఎలా పిలిచేదో ఎంత తలుచుకున్నా రావట్లేదు. నాకు ఇదొక్కటే మిగిలింది."

కుండ తీసుకుని మళ్ళీ నీళ్ళకి వెళ్ళాను.

*

ఒకరోజు కొకు కూడా నాతో ఊట దగ్గరికి వచ్చింది. వాన తెరిపిచ్చింది. నీళ్ళు ముంచుతుంటే అడిగింది. "అక్కా, నాకు వచ్చినప్పుడల్లా అమ్మ అంత దగ్గరికొచ్చి ఎందుకు కూచుంటుంది?"

"పడిపోతావేమో అని."

"పెద్దక్క నవ్వులా ఉంటుందనా?"

నా చేతిలో కుండ నీళ్ళలోకి జారిపోయింది. పట్టుకోవడం మర్చిపోయాను. "నీకెవరు చెప్పారు?"

"బడిలో. బట్టలుతికే దగ్గర. సరస్సు ఒడ్డు పిల్ల ఒకతి. 'మీ అక్కని మొన్న మా ఊళ్ళో పూడ్చారు కదా' అంది."

"మరి నువ్వేమన్నావు?"

"నవ్వాను."

ఊట లోంచి నీళ్ళు గలగలా పోతున్నాయి.

"ఎందుకో తెలీదక్కా. మొహం ఏం చేసుకోవాలో తెలీలేదు. దానికి కోపమొచ్చి నాతో మాట్లాడ్డం మానేసింది. ఇంటి నుంచి ఎవరన్నా వస్తారని రోజూ గేటు వంక చూశాను. ఎవరూ రాలేదు. అయితే అబద్ధమే అనుకున్నాను. ఇంతలో పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. నాకూ వచ్చేసింది. ఇంటికొచ్చాక మీరూ ఆ మాట అనలేదు. మీకు ఇంకా తెలీదేమో, నేను చెబితే అమ్మ చచ్చిపోతుందేమో అనుకున్నా." గొంతు తడుముకుంది. "ఏడుపొస్తోందనే కూచుంటానక్కా. నోరు తెరిస్తే నవ్వు."

మేం దానికి తెలియకూడదని. అది మాకు తెలియకూడదని. ఒకే పొయ్యి చుట్టూ కూచుని, ఇన్ని వారాలు.

నేను దాన్ని పట్టుకున్నాను. కుండ కొట్టుకుపోయి రాళ్ళకి తగిలి ఆగింది.

ఈ మాట అమ్మకి ఎలా చెప్పాలా అని నేను తేల్చుకునేలోపే ఆ మధ్యాహ్నం వచ్చింది.

కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. మొదటి కోత వాకిట్లో చాపల మీద ఆరబోశాం. మబ్బుగా ఉంది, ఎప్పుడు చినుకు పడుతుందో తెలీదు. నాన్న మాకు వీపు పెట్టి, గొంతుక్కూచుని చేతుల్తో గింజలు కలియబెడుతున్నాడు. అమ్మా, అత్తా, నేనూ పుచ్చులు ఏరుతున్నాం. ఇంట్లోంచి కొకు నవ్వు మొదలైంది.

మామూలుగా అయితే నాన్న లేచి తోటలోకి పోవాలి. కాఫీ వదిలి పోయేలా లేదు. కూచున్నాడు. నవ్వు పెరిగింది. పీల్పు వచ్చింది, విరగబడింది, మళ్ళీ పీల్పు.

నాన్న తల తిప్పకుండా, చేతులు కాఫీలోనే ఉంచి, రోజూ అడిగే మాటలా అడిగాడు. "ఈసారి ఏం పగలగొట్టావే కెమిలెంబె?"

అక్క చిన్నప్పుడు కుండో సొరబుర్రో పగలగొడితే, చెప్పడానికి ముందు నవ్వేది. నాన్న వాకిట్లోంచే ఆ మాట అడిగేవాడు. ఎన్నిసార్లు అడిగాడో.

లోపల నవ్వు ఆగిపోయింది. ఏడుపులోకి దిగలేదు. ఊరికే ఆగిపోయింది. కొకు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జుట్టంతా చెమట.

"నేను నాన్నా," అంది. "కొకుని."

"ఊఁ," అన్నాడు నాన్న.

ఇంకో రెండు దోసిళ్ళ గింజలు తిరగేశాడు. తర్వాత చేతులు ఆగాయి. వీపు కదలడం మొదలైంది. మాకు మొహం కనపడదు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"నవ్వుతున్నాడా, ఏడుస్తున్నాడా?" అంది అత్త నా చెవిలో.

అమ్మకి వినపడింది. "ఏమో వదినా," అంది. "ఇన్నేళ్ళ కాపురంలో రెండూ చూళ్ళేదు."

చినుకులు పడ్డాయి. మేం నలుగురం లేచి చాపలన్నీ లోపలికి లాక్కొచ్చాం. ఆయన ముందున్న చాప ఒక్కటి వదిలేశాం.

*

తెల్లారగానే నాన్న తోటలో ఒక అరటి పిలక తవ్వాడు. వేళ్ళకి మట్టి ముద్దతో ఆకులో చుట్టి భుజాన పెట్టుకున్నాడు. చర్చికి వేసుకునే తెల్ల అంగీ వేసుకున్నాడు. "పదండి," అన్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అత్త మాత్రం, "కాళ్ళు నొప్పులు, నేను కాఫీ చూసుకుంటా," అంటూనే అందరికన్నా ముందు చెప్పులు వేసుకుంది.

సరస్సు ఒడ్డున బ్యాబాటో వల కుట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. వల చేతిలోనే ఉండిపోయింది. మా నాన్న వాణ్ణి అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. మనిషి బాగా సన్నం, గడ్డం మాసింది.

"రండి మామా," అన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

గుడిసెల వెనక రాళ్ళ కుప్ప. పక్కన ఇంకో చిన్న కుప్ప. నాన్న మోకాళ్ళ మీద కూచుని చేతుల్తో తవ్వడం మొదలుపెట్టాడు.

"ఇసక మామా. అరటి బతకదు."

"చస్తే ఇంకోటి తెస్తాను."

బ్యాబాటో కూడా కూచుని తవ్వాడు.

అప్పుడు ఏడ్చింది అమ్మ. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, ఒక్కసారిగా, గొంతెత్తి, పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. అత్త అందుకుంది. ఒడ్డున చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్ళు వచ్చి కలిశారు. కొకు నా పక్కన ఏడ్చింది, మామూలుగా, ముక్కు కారుతూ, పిల్లలు ఏడ్చినట్టు.

నీళ్ళ మీద దూరంగా ఒక పడవ పోతోంది. అందులో ఇద్దరు. మా వైపు చూసి తెడ్లు పైకెత్తి ఊపారు. హుషారుగా ఏదో అరిచారు. నవ్వుతున్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు బావా వాళ్ళకంత నవ్వు?"

"వాళ్ళ తప్పు కాదు బ్యేరా," అన్నాడు బ్యాబాటో. "అంత దూరానికి ఏడుపైనా నవ్వులాగే వినపడుతుంది. నాకూ ఆ రోజు అలాగే వినపడింది."

ఎవరూ అడగలేదు. ఇసక సర్దుతూ వాడే చెప్పాడు.

"నొప్పులు మొదలవగానే ఆడవాళ్ళు నన్ను పొమ్మన్నారు. పడవేసుకుని పోయాను. ఎండెక్కింది. ఒడ్డున ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వినట్టు వినపడింది. బిడ్డ పుట్టిందనుకున్నా. నేనూ నవ్వుకుంటూ తెడ్డు వేశాను. పడవ ఇసకకి తగిలేదాకా నవ్వుతూనే ఉన్నా."

నాన్న చేతులు పిలక మొదట్లో అలాగే ఉండిపోయాయి.

కొకు ముక్కు తుడుచుకుని అడిగింది. "తర్వాత ఆగిందా బావా?"

"ఏది?"

"నవ్వు."

వాడు ఆలోచించాడు. "చాలాసేపు మొహం మీద ఉండిపోయింది. ఎలా తియ్యాలో తెలీలేదు."

కొకు తలూపింది. ఇన్ని వారాల్లో దాని మాట అర్థమైన మనిషిని చూసినట్టు, పోయి వాడి పక్కన కూచుంది.

*

ఆ తర్వాత జబ్బు ఒక్కసారిగా పోలేదు. నాలుగైదుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చిన్నదైంది. మొదట ఆ లోపలి పీల్పు పోయింది, తర్వాత నవ్వు పోయింది, చివరికి వట్టి వెక్కిళ్ళు మిగిలాయి. నాన్న వేసిన పిలక నిజంగానే చచ్చింది. ఆయన ఇంకోటి పట్టుకెళ్ళాడు. ఇంట్లో అక్క పేరు ఎత్తొచ్చు. అందరం ఎత్తేవాళ్ళం. ఊళ్ళో ఒకళ్ళిద్దరు అమ్మని మళ్ళీ పాత పేరుతో పిలిచారు.

అమ్మ మాత్రం ఇంకా ఒక్కోరోజు నన్ను నీళ్ళకి పంపేది. తిరిగొచ్చేసరికి కొకు పుస్తకం చదువుకుంటూ ఉండేది. అమ్మ ఎదురుగా కూచుని ఉండేది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

బడి మళ్ళీ తెరుస్తున్నారని కబురొచ్చింది. లారీ ఆగే చోటుకి అమ్మా నేనూ వెళ్ళాం. లారీ కొండ మలుపులో కనపడింది. కొకు పెట్టె ఎత్తుకోబోయింది.

"కొకూ," అంది అమ్మ. "వెళ్ళేముందు ఒక్కసారి నవ్వవే."

"అమ్మా!" అన్నాను.

కొకు నా వంక చూళ్ళేదు. అమ్మ మొహం చూసింది, కాసేపు. పెట్టె దించింది. కళ్ళు మూసుకుని నవ్వడానికి చూసింది. గొంతులోంచి తెచ్చింది, పెంచింది, 'హీ...' అని లోపలికి పీల్చింది. దొంగ పీల్పు. ముగ్గురికీ తెలిసింది. అది కళ్ళు తెరిచి సిగ్గుపడింది. ఆ సిగ్గుకి నవ్వొచ్చింది. ఈసారి నిజం నవ్వు, సన్నంగా, ముక్కులోంచి, తుమ్మబోయి ఆపుకున్నట్టు.

అమ్మ అదంతా తల పక్కకి వంచి విన్నది.

"అది కాదు కదమ్మా?" అంది కొకు.

"కాదు," అంది అమ్మ. "అది దానిది. ఇది నీది. ఇదీ బాగుందే. పెట్టె ఎత్తుకో, లారీ వచ్చింది."

కొకుని ఎక్కించాం. లారీ మలుపు తిరిగింది. పొగ కూడా పోయింది. అమ్మ కదల్లేదు.

"వెళ్ళిపోయిందే బ్యేరా," అంది.

"సెలవులకి వస్తుంది కదమ్మా."

"కొకు కాదే," అంది అమ్మ. ఇంటికి వెళ్ళేదాకా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది.